ముదిమి ముల్లె

జడ్చర్లకు అయిదారు కోసుల దూరమున, ఎఱ్ఱని చెలక నేలల నడుమ నున్న ఒక పల్లెలో, పింఛను పంచు దినమున, ప్రొద్దు పొడువకమునుపే పంచాయతీ అరుగు మీదికి చేరి, గోడ కానుకొని, చేతికఱ్ఱలను ప్రక్కన పెట్టుకొని, ఎండ తమ పాదములకు ప్రాకివచ్చువఱకు కదలక కూర్చున్న ముదుసళ్ల వరుసలో, మొన్నటి నెల నేనును ఒక మూల కూర్చుంటిని. పేర్లు పిలుచుచున్నారు, ఒక్కొక్కరే లేచి వేలిముద్ర యంత్రము ముందు చేయి చాపుచున్నారు. డెబ్బది దాటిన ఒక అవ్వ వంతు వచ్చినది. బొటనవ్రేలు పెట్టినది, యంత్రము ఎఱుగలేదు. చూపుడువ్రేలు పెట్టినది, ఎఱుగలేదు. "ఇంకో చెయ్యి పెట్టు అవ్వా" అని ఆ తపాలా యువకుడు నెమ్మదిగా చెప్పగా, ఆమె వ్రేళ్లమీద నోటి ఆవిరి ఊది, కొంగుతో తుడిచి, ఎడమచేతి నడిమివ్రేలు నొక్కి పెట్టినది. అప్పటికి గాని పచ్చదీపము వెలుగలేదు.

ముప్పది ఏండ్లు ఇటుకయు, కంకరయు, సిమెంటు తట్టయు మోసిన చేతులవి, గీతలు అరిగిపోయినవి. కర్ణాటకలో ఒక కాలువ, మహారాష్ట్రలో ఒక ఆనకట్ట, హైదరాబాదులో తనకే లెక్క తెలియనన్ని మేడలు: గుంపు మేస్త్రీ ఎక్కడికి లారీ ఎక్కించిన అక్కడికి, మగనితోను చంకలోని బిడ్డతోను పోయి, దేశమంతట 'పాలమూరు లేబరు' అను పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆ మహాశ్రామిక సమూహములో ఒకతెగా ఆమె తన బలమున్న దినములన్నియు గడపినది. చేతిలో పడిన 2,016 రూపాయలను రెండుమార్లు లెక్కించి, కొంగున ముడివేసికొనుచున్న ఆమెను, ఈ పైకముతో నెల వెళ్లునా యని అడిగితిని. ఆమె నా వంక చూచి, "ఇండ్ల నాయి ఎన్ని బిడ్డా? రెండు వేలు ఇంటియి. పదహారు రూపాయలు నాయి" అన్నది.

ఆ మాట విన్న తరువాత ఈ వ్యాసమును వ్రాయక తప్పినది కాదు. ముసలితనమున స్వాతంత్ర్య మనగా ధనికుడగుట కాదు. మందుబిళ్లకు, మనుమరాలి చేతిలో పెట్టు పండుగ రూపాయికి, అక్కచెల్లెండ్ల ఊరికి పోవు బస్సు చార్జీకి, ఎవరి ముఖమును చూడవలసిన పని లేకుండుట. ఆ స్వాతంత్ర్యమును సర్కారు కొంత ఇవ్వగలదు. సంతానము కొంత ఇవ్వగలదు. కాని తన చేతితో, తన బలమున్న నాడు, తాను కట్టి దాచుకొన్న ముల్లె ఒకటి లేనిచో, ఆ రెండును ఇచ్చినది చాలదనియు, చాలినను అది తనది కాదనియు, పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల ముదుసళ్లు నాకు చెప్పిన అనుభవము.

సర్కారు సాయమును తక్కువచేసి మాటాడుట నా ఉద్దేశము ఎంతమాత్రమును కాదు. 2014 నవంబరు 8వ తేదీన ఆసరా పథకము ఆరంభమైనది ఈ పాలమూరు గడ్డమీదనే, కొత్తూరులో. అంతవఱకు నెలకు 200 రూపాయలుగా నున్న వృద్ధుల పింఛను ఆ దినమున 1,000 అయ్యెను, 2019లో 2,016 అయ్యెను, అర్హత వయస్సు 65 నుండి 57కు దిగెను. ఎన్ని ఇండ్లలో ముసలమ్మకు రెండవపూట అన్నము, కోడలి నోట ఒక మంచిమాట ఆ పైకము వలన దక్కినవో ఊరూరను చూచినవారికే తెలియును. అయినను ఆ పింఛను సాధారణముగా ఒక కుటుంబమున ఒక్కరికే. పైగా అది రూపాయలలో నిలిచిపోయిన మొత్తము, ధరలు నిలువనివి. ధరలు ఏటేట నూటికి ఆరు చొప్పున పెరిగినవనుకొన్నచో, పండ్రెండేండ్లకు రూపాయి బలము సగమగును. అనగా ఒక పుష్కరము గడచునప్పటికి రెండువేల పదహారు రూపాయలు కొనగలిగినది, తొలినాటి వెయ్యి రూపాయలు కొనగలిగినంతయే. ఎవ్వరును తగ్గింపకయే తగ్గిపోవు ఆదాయ మది.

శరీరము చెప్పు వయస్సు

రికార్డులో ముసలితనము యాబదియేడింట గాని అరువదింట గాని ఆరంభమగును. మన మెట్టలలో అది అంతవఱకు ఆగదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతములలో తరతరములుగా బోరుబావుల ఫ్లోరైడు నీరు త్రాగిన మనుష్యుల ఎముకలు బిగుసుకొని, మెడ త్రిప్పలేక, నడుము ఎత్తలేక, నలుబదియైదేండ్లకే కూలికి పనికిరానివారైన కథ నల్లగొండకు క్రొత్త కాదు. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమునకు లోకము 'నల్లగొండ పద్ధతి' యని పేరు పెట్టినది. జిల్లా పేరు శాస్త్రగ్రంథములకెక్కినది ఈ దుఃఖము వలననే. 2015లో చౌటుప్పలులో పైలాను వెలసిన మిషన్ భగీరథ నదీజలమును ఇండ్లకు తెచ్చుటచే నేటి పిల్లల గతి మారవచ్చునుగాని, అప్పటికే వంగిన నడుములు తిరిగి నిలువవు. పని చేయు శక్తి నలుబదియైదింట పోయి, పింఛను యాబదియేడింట వచ్చినచో, ఆ నడుమనున్న పండ్రెండేండ్లను మనిషి దేనితో దాటవలెను?

మగ్గపు ఊళ్లలో ఈ ప్రశ్న మఱియొక రూపమున కనబడును. చీరె మగ్గమెక్కుటకు ముందు నూలును ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగ బిగించిన మేకుల చుట్టును ఒక చేతితో దారమును ముందుకును వెనుకకును, ఒక్క చీరెకు వేలమార్లు, త్రిప్పవలెను. ఆ పని ఇంటి ఆడువారిది. దానికి వేఱుగా కూలి లేదు. ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజమునొప్పిని చూడలేక, చదువు అంతగా లేకున్నను, ఏండ్లతరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రమును సిద్ధపఱచి దానికి తల్లిపేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ ఆయనను వెదకుకొని వచ్చినది. యంత్రము నందరును మెచ్చుకొన్నారు. నేను మెచ్చుకొనునది దాని వెనుకనున్న చూపును: ఈ భుజము ఎల్లకాలము ఆడదని ఆ కుమారుడు ముందుగా గ్రహించెను. ఆ చూపు ప్రతి ఇంటివాడును తన భుజము విషయమున పెట్టుకొనవలసినది.

మగ్గము నేర్పిన లెక్క

1951 ఏప్రిలు 18న పోచంపల్లిలో వినోబా భావే భూమి అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చెను. అందువలననే ఆ ఊరు భూదాన పోచంపల్లి. అరువదియాఱేండ్ల తరువాత, 2017 జూను 24న, అదే ఊరిలో మఱియొక పథకము మొదలైనది. దాని పేరు నేతన్నకు చేయూత. నేతగాడు తన నెలకూలిలో నూటికి 8 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసికొన్నచో, ప్రభుత్వము దానికి రెట్టింపుగా నూటికి 16 రూపాయలు వేసెడిది. పదివేల కూలికి ఎనిమిది వందలు తనవి, పదునాఱు వందలు సర్కారువి, నెలకు 2,400. మూడేండ్ల గడువు ముగియునప్పటికి, వడ్డీ గాక, 86,400 రూపాయలు. నేతపని చేయువారికే గాక, అద్దకము, ఆసు మున్నగు అనుబంధపు పనులవారికిని అందు చోటు కల్పించుట ఎంతయు న్యాయము.

పుట్టపాక తోవలో ఒక చిటికి (ముడి అద్దకపు) పనివాని ఇంటిలో కూర్చుండి ఈ సంగతి మాటాడితిని. గుంతమగ్గము లోపలినుండి పాదములు తీయకయే ఆయన ఇట్లు చెప్పెను: "ఎనిమిది వందలు పోతున్నయని మొదట్ల నాకు కడుపుల మండింది సారూ. తర్వాత అది నా కూలి అన్నట్టే మరిచిపోయిన. మరిచిపోతెనే పెరిగింది." ఆ చివరి వాక్యమును మించిన ఆర్థికశాస్త్రమును నేను చదివి యెఱుగను. చేతికి వచ్చిన తరువాత మిగుల్చుకొందమను పొదుపు మిగులదు. చేతికి రాకమునుపే వేఱుపడిన పొదుపే నిలుచును.

కాని మూడేండ్ల బీగము ముసలితనమునకు చాలదని నా నిశ్చితాభిప్రాయము. మూడేండ్లకు చేతికందిన ఎనుబదియాఱు వేలు ఎట్లు పోయినవని ఆయనను అడిగితిని. బిడ్డ పెండ్లికి పోయినవి. పెండ్లి చేయుట తప్పని నేననను. అట్లే 2020లో కరోనా వచ్చి, చీరెలు కొనువారు లేక, మగ్గములు మూతపడి, నేతగాండ్రు కూలి నష్టపోయిన నాడు, గడువుకు మునుపే ఆ సొమ్ము తీసికొనుటకు ప్రభుత్వము అనుమతించగా, ఎన్నియో పొయ్యిలు వెలిగినవి. దీనివలన తెలియవలసిన దేమనగా, ఒకే మూటను ఆపదకును, పెండ్లికిని, ముదిమికిని దాచినచో, ఆపదయు పెండ్లియు ముందు వచ్చును గనుక, ముదిమి వచ్చునప్పటికి మూటలో గుడ్డ మాత్రమే మిగులును. ఆపద ముల్లె వేఱు, ముదిమి ముల్లె వేఱు. రెండింటికి రెండు ముడులు, రెండు తావులు ఉండవలెను.

ఈ సత్యము మన పొదుపు సంఘపు స్త్రీలకు తెలియనిది కాదు. 2000లో వెలుగు పథకము మొదట అడుగుపెట్టిన ఆఱు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. అంతకుముందు డ్వాక్రా కాలమునుండియే 'పొదుపు కట్టినవా అక్కా' అను పలకరింపు ఇక్కడి వాడలలో రామరామ వలె వినబడుచున్నది. 2009లో వచ్చిన అభయహస్తము ఆ పొదుపునకు ముదిమిని గుర్తుచేసిన మొదటి ప్రయత్నము: సంఘసభ్యురాలు దినమునకొక్క రూపాయి, ఏటికి 365 కట్టును, ప్రభుత్వము అంతే కలుపును, అరువది నిండిన తరువాత నెలకు కనీసము 500 రూపాయల పింఛను. ఎంత సరళమైన ఆలోచన! కాని రాష్ట్రము మారినది, పథకము ఆగినది. కట్టిన సొమ్ము సభ్యులకు తిరిగి ఇచ్చెదమని 2022లో ప్రభుత్వము ప్రకటించినది. ఎవరిని తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుటలేదు. ముదిమి పొదుపు నలుబదేండ్ల ప్రయాణము. ప్రభుత్వముల ఆయువు అయిదేండ్లు. కావున ఆ పొదుపు తన పేర, తన పుస్తకములో, తాను అడిగిన దినమున లెక్క కనబడు తావున ఉండవలెను. సర్కారు వాటా కలిసినచో సంతోషము, కలియకున్నను ఆగరాదు.

ముల్లె కరగు తావులు

మన మెట్టప్రాంతమున మనుష్యులు పొదుపు ఎఱుగనివారని పట్టణములవారు అనుకొందురు. ఇంతకంటె పెద్ద పొరపాటు లేదు. జొన్నగటక త్రాగి, పచ్చిపులుసుతో పూట గడిపి, రూపాయి రూపాయి కూడబెట్టినవారు వీరు. లోపము కూడబెట్టుటలో లేదు, కారిపోవుటలో నున్నది. ఆ రంధ్రములు ఎచ్చట నున్నవో చూడవలెను.

మొదటిది మిత్తి. మేస్త్రీ యొద్ద పండుగకు ముందు తీసికొన్న అడ్వాన్సు, షావుకారి యొద్ద విత్తనములకు తెచ్చిన అప్పు, ఆసుపత్రికి తెచ్చిన చేబదులు: వీనిపై నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి పల్లెలలో ఈనాటికిని వింతగాదు. యాబదివేల అప్పునకు అది నెలకు 1,500, ఏటికి 18,000. అనగా నూటికి ముప్పదియాఱు. ఇంతటి మిత్తి కట్టుచు, వేఱొక చోట నూటికి ఏడు వచ్చు పొదుపు చేయుట, పగిలిన కుండలో నీరు పోసి మూత బిగించుట వంటిది. అట్టి అప్పు తీర్చుటయే అన్నిటికంటె గొప్ప పొదుపు. సంఘపు అప్పు తక్కువ వడ్డీకి దొరకినచో, దానితో మూడు రూపాయల మిత్తిని ముందుగా తీర్చిపాఱవేయవలెను.

రెండవది చిట్టీ. దీనిని గుఱించి వ్రాయునప్పుడు నా చేయి కొంచెము వణకును. మా నాయన ఉపాధ్యాయుడు. వజీఫా (ఉద్యోగపు పింఛను) పుచ్చుకొన్న నాడు చేతికి వచ్చిన మొత్తములో సగమును, జిల్లా కేంద్రమున ఒక చిట్టీల కంపెనీలో, తెలిసినవారు చెప్పినారని పెట్టెను. ఒక సోమవారము ఉదయము ఆ కంపెనీ తలుపు తెఱువలేదు. ఆ తరువాత ఎన్నడును తెఱువలేదు. ఆకుపచ్చ అట్ట గల ఆ చిట్టీ పుస్తకమును మా నాయన పదునొకండేండ్లు బీరువాలో, మా అమ్మ పట్టుచీరెల క్రింద దాచి, పోయెను. ఆయనకు నెలనెలా సర్కారు వజీఫా ఉన్నది గనుక మా ఇల్లు నిలిచినది. అదే చిట్టీ కట్టిన కూరగాయల బండి ముసలాయన మఱుసటి ఏడు కూడ బండి త్రోయుచునే కనబడెను. చిట్టీ అను వ్యవస్థ చెడ్డది కాదు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టము క్రింద రిజిస్ట్రారు యొద్ద నమోదైన చిట్టీయా కాదా, ఒప్పందపత్రము మన చేతికిచ్చినారా లేదా యని అడుగుటకు మొగమాటపడుటయే చెడ్డది. నిర్వాహకుని కమీషను నూటికి ఏడుకు మించరాదని 2019 సవరణ చెప్పుచున్నది. అది కూడ అడుగవలెను. మా నాయన అడుగలేదు, అడిగినచో ఎదుటివాడు చిన్నబుచ్చుకొనునని.

మూడవది భూమి. షాద్‌నగరు, కొత్తూరు, చౌటుప్పలు మార్గములలో ఎకరముల ధర ఎట్లు ఆకాశమునకెక్కినదో చెప్పనక్కఱలేదు. తాతనాటి చెలక అమ్మి ఒక్క దినమున లక్షలు చూచిన ముసలివారు, ఆ దినముననే దానిని కొడుకులకు పంచి, వారి ఇండ్లలో నెలకొక ఇంట వంతుల అన్నము తినుచున్న దృశ్యమును చూచినప్పుడు కలుగు బాధ ఇంతింతకాదు. ప్రేమతో పంచినారు, పంచవలసినదే. కాని అంతయు పంచరాదు. ప్రాణమున్నంతకాలము కొంత తన పేరనే ఉండవలెను. గిఫ్టు దస్తావేజు వ్రాయకతప్పనిచో, తమ్ము పోషింపవలెనను షరతును అందులోనే స్పష్టముగా వ్రాయించుకొనుట మేలు. అట్టి షరతు నెఱవేరనినాడు, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము ననుసరించి ట్రిబ్యునలును ఆశ్రయించి ఆ దస్తావేజును రద్దుచేయించుకొను హక్కు కలదు.

బంగారమును గుఱించి ఎక్కువ చెప్పను. కుదువపెట్టి ఆపద గడుపుటకు దానివంటిది లేదు. కాని మెడలోనుండి అది కోడలి మెడకు, మనుమరాలి మెడకు పోవునదే గాని, ముసలితనపు నెలఖర్చుకు దానిని అమ్ముకొన్న తల్లిని నేను అరుదుగా చూచితిని.

కాలము చేయు పని

ఇక కట్టుట ఎట్లు? 1968 నుండి వచ్చుచున్న, తపాలా కార్యాలయమునను తెఱువగల పీపీఎఫ్ (ప్రజా భవిష్యనిధి) ఖాతాను ఉదాహరణగా తీసికొందము. 2020 ఏప్రిలు నుండి దాని వడ్డీ నూటికి 7.1, అదే రేటు నిలిచినదనుకొని లెక్క చూతము. నెలకు వెయ్యి చొప్పున పదునైదేండ్లు కట్టినవాడు వేసినది 1 లక్ష 80 వేలు. చేతికి వచ్చునది సుమారు 3 లక్షల 15 వేలు. అతడే దానిని అయిదేసి ఏండ్లు పొడిగించుచు ముప్పది ఏండ్లు కట్టినచో, వేసినది 3 లక్షల 60 వేలు. వచ్చునది సుమారు 12 లక్షలు. కాలము రెండింతలైనది, ఫలము నాలుగింతలకు దగ్గఱైనది. ఆ ఎక్కువ అంతయు మనిషి చెమట కాదు, కాలము చేసిన పని. అరువది నిండిన తరువాత ఆ పండ్రెండు లక్షలను వయోవృద్ధుల పొదుపు పథకమున ఉంచినచో, 2023 ఏప్రిలులో నిర్ణయించిన నూటికి 8.2 లెక్కన, మూడు నెలలకొకసారి 24,600 రూపాయలు వచ్చును, అసలు చెక్కుచెదరదు.

ఇదే సంగతిని అటల్ పింఛను పథకపు పట్టిక మఱియొక విధముగా చూపును. అరువది తరువాత నెలకు 5,000 కావలెనన్నచో, పదునెనిమిదేండ్ల పిల్లవాడు నెలకు 210 కట్టవలెను, ముప్పది ఏండ్లవాడు 577, నలుబదేండ్లవాడు 1,454. పిల్లవాడు నలుబది రెండేండ్లు కట్టిన మొత్తము 1,05,840; నలుబదేండ్లకు మేల్కొన్నవాడు ఇరువదేండ్లలో కట్టునది 3,48,960. ఆలస్యము ఖరీదు మూడింతలకు మించినది. రెండు హెక్టార్ల లోపు రైతులకు 2019లో వచ్చిన కిసాన్ మాన్‌ధన్ పథకమున వయస్సును బట్టి నెలకు 55 నుండి 200 వఱకు కట్టినచో అరువది తరువాత 3,000. కేంద్రమిచ్చు ఆఱువేల సాయములోనుండియే దానిని మినహాయించు ఏర్పాటు కూడ కలదు. మన రైతుబీమా యాబది తొమ్మిదవ ఏటితో ముగియును. అది చనిపోయినవాని ఇంటికి రక్ష. బ్రదికి ముసలివాడైన రైతునకు రక్ష వేఱొకటి వెదకవలసియున్నది.

అయినను ఈ అయిదువేలను, మూడువేలను చూచి నిశ్చింతపడరాదని చెప్పుట నా ధర్మము. ధరలు ఏటేట నూటికి ఆరు పెరుగు లెక్కనే అనుసరించినచో, నేటి పదునెనిమిదేండ్ల పిల్లవానికి నలుబది రెండేండ్ల తరువాత అందు అయిదువేలు, నేటి ధరలలో 430 రూపాయల పాటివి. అందుచేత ఆ పింఛను పునాది మాత్రమే. కూలి పెరిగిన ప్రతి ఏడును పొదుపు కూడ అదే పాళ్లలో పెంచినవాని ముల్లె మాత్రమే ధరలతో సమముగా నడువగలదు. నెలకు వెయ్యితో మొదలుపెట్టి ముప్పది ఏండ్లు వెయ్యియే కట్టినవాడు, మొదటి ఏట చేసిన త్యాగములో అయిదవవంతు కూడ చివరి ఏట చేయుటలేదన్నమాట. నెలజీతగాండ్రైనచో, 2009 నుండి పౌరులందఱికి తెఱచిన జాతీయ పింఛను ఖాతాలో కొంత భాగము కంపెనీల వాటాలలో పెట్టుకొనవచ్చును. ఒడుదుడుకులున్నను దశాబ్దముల మీద అది ధరలను మించి పెరుగు అవకాశము కలది. ముప్పదిలో నున్నవానికి అది తగును. యాబదియెనిమిదింట నున్నవాడు అంతయు అందులో పెట్టరాదు.

పుస్తకములోని అంకె

పాలమూరులో ఇప్పుడొక క్రొత్త తరము పెరుగుచున్నది. అమ్మమ్మలు తట్ట మోసి పోయిన ఊళ్లనుండియే, మనుమరాండ్రు తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కి, పోలేపల్లి సెజ్జులోని మందుల కర్మాగారములకు పోవుచున్నారు. వారి జీతపు చీటీలో 'పీఎఫ్' అను ఒక గడి యున్నది. మూలవేతనము పండ్రెండువేలైనచో, ఆమె వాటా 1,440. యజమాని వాటా 1,440, అందులో వెయ్యి పింఛనుకు, 440 పీఎఫునకు. అనగా నెలకు 1,880 ఆమె పేర వేఱుగా నిలుచుచున్నది. పింఛను భాగము పదేండ్ల సేవ నిండినగాని నెలసరి పింఛనుగా రాదు. నిండి, అదే వేతనముపై ముప్పదియైదేండ్లు సాగినచో, యాబదియెనిమిదవ ఏట నెలకు ఆఱువేలగును. కాని కంపెనీ మారిన ప్రతిసారియు, నాలుగు నెలలు పని లేని ప్రతిసారియు, ఆ సొమ్ము తీసివేసికొని సెల్‌ఫోనుకో బైకుకో వాడుట ఇక్కడి యువతలో ఆచారమైనది. పదేండ్లు ఎన్నటికిని నిండవు. ఖాతాను క్రొత్త కంపెనీకి మార్చుకొనుట వీలైనదని వారికి పనిలో చేరిన దినముననే ఎవరైనను కూర్చుండబెట్టి చెప్పవలసియున్నది.

పింఛను పంచిన ఆ దినము సాయంకాలము, అవ్వ ఇంటి వాకిట వేపచెట్టు క్రింద మంచముమీద కూర్చుంటిమి. ఆమె మనుమరాలు, ఇరువది రెండేండ్ల పిల్ల, పని దిగి వచ్చి కాళ్లు కడుగుకొనుచున్నది. కంపెనీ మారుచున్నదట, పీఎఫ్ తీసికొని ఇంటికి రేకులు మార్పించెదనని చెప్పినది. నేను పైని వ్రాసిన లెక్కను నెమ్మదిగా చెప్పితిని. ఆ పిల్ల విన్నది, అవునని గాని కాదని గాని అనలేదు. అవ్వ మాత్రము, "ఎన్నున్నయే అండ్ల?" అని అడిగినది.

పిల్ల తడిచేయి తుడుచుకొని, ఫోనులో పుస్తకము తెఱచి, "నలభై ఎనిమిది వేల ఆరు వందల చిల్లర" అని చదివినది.

"ఎవలియి?"

"నాయే."

అవ్వ కొంగుముడిని చేతితో తడుముకొనుచు, "మల్లొకసారి సదువు" అన్నది.